మెట్లు లెక్కబెట్టుకుంట రా, బిడ్డా

చిక్కడపల్లిల ఏ ఇల్లు ఏ కాలంల కట్టిన్రో చెప్పమంటె నేను గోడలు చూడ, రంగులు చూడ. వాకిట్ల నిలవడి మెట్లు లెక్కబెడ్త. ఐదు మెట్లెక్కి అరుగు మీదికి పోవాల్సొస్తె అది మా తాతల నాటి ఇల్లు. మూడుంటె మా నాయన ఈడోళ్లు కట్టింది. రోడ్డుకు సమానంగ ఒక్క మెట్టుతోని సరిపెడితె అది నా ఈడోళ్ల తెలివి. ఇగ మెట్లు పైకి పోకుండ కిందికి దిగుతున్నయంటె, సెల్లారన్నట్టు, అది మీ కాలం. నవ్వకు. మనిషికి చదువు పెరిగినకొద్ది ఇల్లు కిందికి దిగిందని నేనంటలే, మెట్లే అంటున్నయి.

మెట్ల ముచ్చట తెలవాలంటె ముందుగాల నీళ్ల ముచ్చట తెలవాలె. హుస్సేన్ సాగర్ చార్మినార్ కంటె వయసుల పెద్దది, ఏమనుకున్నవ్? ఇబ్రహీం కుతుబ్ షా కాలంల, 1562 ప్రాంతంల, హుస్సేన్ షా వలీ దగ్గరుండి కట్టిపిచ్చిండు. చార్మినార్ లేచింది 1591ల. ఊరు పుట్టకముందే చెరువు పుట్టింది. చెరువన్నంక అలుగుంటది, అలుగన్నంక దానికొక దారుంటది. ఆ నీళ్లు కట్ట కిందికెళ్లి దోమలగూడ, అశోక్‌నగర్ మీదుగ, బాగ్‌లింగంపల్లి పక్కపొంటి, నారాయణగూడ, బర్కత్‌పుర, నల్లకుంట, గోల్నాక దాటుకుంట పోయి మూసీల కలుస్తయి. మీరు దాన్ని నాలా అని ముక్కు మూసుకుంటరు. ఈ కాలనీలన్నిటికంటె ముందు నుంచి ఉన్న కిరాయిలేని కాపురం దానిది. దాని పొంటి ఒకప్పుడు తోటలు, మళ్లు ఉండె. తోటకు నీళ్లొస్తె పండుగ, ఇంటికి నీళ్లొస్తె దండుగ. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నరు పెద్దలు. మా మనుషులు రెండిట్ల ఒక్కటి గూడ ఎరగనట్టు పల్లంల ప్లాట్లు కొనుక్కొని కూసున్నరు.

మా తాతలు మాత్రం ఎరిగినోళ్లే. ఎట్లంటె, మూసీని చూసిన కండ్లు వాళ్లయి. మా నాయనమ్మ ఏ ముచ్చట చెప్పినా "మూసీ రాకముందు", "మూసీ వచ్చినంక" అని లెక్కగట్టి చెప్తుండె. ఆమెకు క్యాలెండర్ అదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ దిక్కు బస్తీలను ఊడ్చుకపోయింది. పదిహేను వేల మంది దాక పోయిన్రంటరు. దాని తరువాతనే విశ్వేశ్వరయ్య గారిని పిలిపిచ్చిన్రు, 1920ల ఉస్మాన్ సాగర్, 1927ల హిమాయత్ సాగర్ లేచినయి. మధ్యల 1911ల ప్లేగు. ఇరుకు గల్లీలల్ల మనుషులు బతుకుడు కష్టమని 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిన్రు. రోడ్లు వెడల్పయినయి, గాలి తగిలే జాగలు వెతుక్కుంట జనం ఏటికి ఈ దిక్కు ఇండ్లు కట్టుడు పెంచిన్రు. అట్ల వచ్చినోడు ఐదు మెట్లు కట్టక ఏంజేస్తడు? ఇంజనీరు చెప్పలే, భయం చెప్పింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మాట అప్పటిది. ఇప్పుడు రెండిటికి లోన్లిస్తున్నరు, చూసుడే మిగిలింది. అప్పుడు మిద్దె అంటె టేకు దూలాలు, వాటి మీద నిలవెట్టిన ఇటుకలు, వాటి మీద సున్నం. సున్నం డంగుల నూరాలె. గుండ్రంగ కాలువ తవ్వి, అండ్ల రాతి చక్రం పెట్టి, దున్నపోతును కట్టి తిప్పుతుండిరి. ఇసుక, ఇటుక పొడి, కరక్కాయ నీళ్లు, బెల్లం పానకం కలుస్తుండె. బెల్లం ముద్దలు మేస్త్రి లెక్కబెట్టి పెట్టుకుంటుండె, మేము లెక్క తప్పిస్తుంటిమి. పొద్దుగూకెవరకు గోడకు పోవాల్సిన తీపిల సగం మా పోరగాండ్ల కడుపులకే పోతుండె. ఆ గోడలు ఇప్పటిదాక నిలవడ్డయంటె మా దయ ఎంతో ఆలోచించు.

కింద షాబాదు బండలు. ఎండకాలం పగటిపూట నాలుగు చెంబుల నీళ్లు చల్లి, తుడిచి, చాప లేకుండ ఒంటి మీద బనీను లేకుండ పండుకుంటె, మీ ఏసీలు దేనికి పనికొస్తయి? దాలానం ముందర హౌజు, దాని పక్కకు జామచెట్టు. ఖర్చు ముచ్చట అడుగుతున్నవా? మా నాయన ఇల్లు మొదలువెట్టిన కాలంల రెండు రకాల రూపాయలు. నిజాం సర్కారుది హాలీ సిక్కా, ఇంగ్లీషోళ్లది కల్దార్. ఏడు హాలీ రూపాయలిస్తె ఆరు కల్దార్ రూపాయలు. గుత్తేదారు ధర చెప్పేటప్పుడు ఊరికె "రూపాయలు" అంటుండె, తీసుకునేటప్పుడు "కల్దార్" అంటుండె. మా నాయన ఇచ్చేటప్పుడు హాలీల ఇస్తుండె. ఇద్దరు మర్యాదస్తులే. ఆ నడిమి రూపాయి కోసం ఆర్నెల్లు చాయలు తాగుకుంట బేరమాడుకున్నరు. ఆ చాయల ఖర్చు ఎవరూ లెక్కగట్టలే.

మెట్ల కాడికే వద్దం. మెట్లు ఒక్క నీళ్ల కోసం కాదు బిడ్డా, మనుషులను ఆపెటందుకు గూడ. పాలాయన రెండో మెట్టు కాడ నిలవడాలె. తపాలాయన నాలుగో మెట్టెక్కొచ్చు, ఎందుకంటె ఆయన చేతుల మనియార్డరుంటది. చుట్టం అరుగు మీద కూసోవాలె, చెంబుతోని నీళ్లిచ్చినంకనె ఊరి ముచ్చట అడగాలె. ముందు ముచ్చటడిగి తరువాత నీళ్లిస్తె మా నాయనమ్మ మూడు దినాలు మాట్లాడకుండె. ఇగ గల్లీ ఊడిసేటోళ్లు మొదటి మెట్టు గూడ తొక్కేటిది లేకుండె. వాళ్లు ఊడిసిన గల్లీల మేము ఆడుకుంటుంటిమి, వాళ్లు మాత్రం దూరం నుంచి చేతులు చాపుతుండిరి. పాతకాలం బంగారం అని ఎవరన్న అంటె నాకు ఆ మొదటి మెట్టు యాదికొస్తది.

పట్టుదలతోని మెట్లెక్కినోళ్లు గూడ ఉన్నరు. నారాయణగూడల మాడపాటి హనుమంతరావు గారు 1928ల ఆడపిల్లల కోసం తెలుగు బడి పెట్టిచ్చిన్రు. సర్కారు చదువంత ఉర్దూల నడుస్తున్న రోజులు, ఆడపిల్లకు అక్షరమెందుకని అరుగుల మీద పంచాయతీ పెట్టేటోళ్లకు కొదువ లేని రోజులు. ఆ పెద్దమనిషే తరువాత, 1951ల, హైదరాబాదుకు మొదటి మేయరయిండు. 1940ల కేశవరావు కోరట్కర్ గారి పేరు మీద కేశవ్ మెమోరియల్ బడి వచ్చింది. 1954ల రాజా బహద్దూర్ వెంకటరామిరెడ్డి మహిళా కళాశాల వచ్చింది. ఆయన కొత్వాలు, అంటె నగర పోలీసుకు పెద్ద. కొత్వాలు పేరు మీద ఆడపిల్లల కాలేజీ, అందుకె కాలేజీ ముందర సైకిళ్లు ఆపేటోళ్లు గూడ కొంచెం భయంగ ఆపుతుండిరి. నేను ఆపిన్నా అని అడగకు, మీ నాయనమ్మ వింటున్నది.

నారాయణగూడ అంటె ఇంకొక భయం ఉండె. కుక్క కరిస్తె అక్కడ సూదులేసే ఐపీఎంకు తోలుకపోతుండిరి, బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు. మా గల్లీల పోరగాండ్లను "నారాయణగూడ పంపిస్త" అని బెదిరిస్తుండిరి. కాలేజీకా, సూదులకా అనేది వయసును బట్టి అర్థం చేసుకోవాలె.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డంక, 1956 తరువాత, కర్నూలుకెళ్లి ఉద్యోగస్తులొచ్చిన్రు. సెక్రటేరియట్ దగ్గర, బస్సులు దగ్గర, ఇడ్లీ హోటళ్లు దగ్గర. చిక్కడపల్లి, అశోక్‌నగర్ నిండిపోయినయి. ఐదు మెట్ల ఇండ్లను నిలువున కోసి పోర్షన్లు చేసిన్రు. ఒక దాలానం, నాలుగు కాపురాలు, ఒక్క నల్లా. మంది ఎక్కువైతె మజ్జిగ పల్చనైతదంటరు, మా ఇంట్ల నీళ్లే పల్చనైనయి. పొద్దుగాల నాలుగింటికి నల్లా కాడ బిందెలు వరుస పెడుతుండిరి. మనిషి లేకపోయినా బిందె ఉంటె వరుస చెల్లుతది. ఒకరి బిందెను ఇంకొకరు జరిపితె అది కోర్టుకు పోనంత మాత్రాన చిన్న కేసు కాదు. గుంటూరు ఆవకాయ, మా సకినాలు గోడ మీదికెళ్లి అటిటు మారుతుండె. మాటలు మాత్రం కలవకుండె. వాళ్లు "గదండీ" అంటె మేము నవ్వుతుంటిమి, మేము "గట్లనా" అంటె వాళ్లు నవ్వుతుండిరి. ఇద్దరం ఒక్క ఇరానీ చాయను "వన్ బై టూ" తాగినంక గాని చుట్టరికం కలవలే.

ఇదంత మా ఒక్క పట్నం సొత్తనుకుంటి. మనవరాలు చెక్ దేశంల, ప్రాగ్ పట్నంల ఉద్యోగానికి పోయి ఫోటోలు పంపుతున్నది. అక్కడి పాత ఇండ్లల్ల నడుమ వాకిలి, దాని చుట్టు అంతస్తు అంతస్తుకు పొడుగాటి వసారా, ఆ వసారాలకు తెరుచుకునే గదులు. కూలినాలి చేసుకునేటోళ్ల కాపురాలంట. వసారా చివరకు అందరికి కలిపి ఒక్కటే పాయఖానా, నీళ్లు పట్టుకునే జాగ గూడ అందరిది. ఆడోళ్లు వసారా కటకటాల మీద మోచేతులాన్చి ఎదురింటి కోడలి ముచ్చట్లు పెడుతుండిరంట. నేనేమన్నంటె, అది ప్రాగ్ కాదమ్మా, మన పోర్షన్ల ఇల్లే, మంచు పడుతున్నది అంతె అన్న.

చెక్ దేశమంటె నాకు మొదలే ఎరుక. ఎట్లంటె, మా కాళ్లకు చెప్పులేసింది వాళ్లే. బాటా కంపెనీ 1894ల ఆ దేశంల జ్లీన్ అనే ఊర్ల పుట్టింది. నా పెండ్లినాటికి షోకుగాండ్లు తొక్కే జావా మోటారుసైకిల్ మైసూర్‌ల తయారైనా పుట్టిల్లు అదే. మన రామచంద్రపురం బీహెచ్ఈఎల్ మొదలైనప్పుడు సాయమొచ్చింది గూడ ఆ దేశం నుంచే. బాటా దుకాణంల ధర ఎప్పుడు చూసినా తొంభై ఐదు పైసలతోని ముగుస్తుండె. ఆ ఐదు పైసల చిల్లర చేతుల పడేదాక మా నాయన గల్ల కాడికెళ్లి కదలకుండె. వెనుక వరుస పెరిగినా సరే. జ్లీన్‌ల ఆ కంపెనీ దొర 1938ల పదహారు అంతస్తుల ఆఫీసు కట్టిపిచ్చి తన గదిని లిఫ్టుల పెట్టిచ్చుకున్నడంట. కుర్చీ, బల్ల, చేతులు కడుక్కునే నల్లాతోని సహా గది మొత్తం ఏ అంతస్తుకంటె ఆ అంతస్తుకు పోతది. గుమాస్తా తల ఎత్తేసరికి దొర గది ఎదురుంగ నిలవడి ఉంటది. మెట్లెక్కాల్సిన పని ఎవరికుండొద్దో వాళ్లు మస్తు ఆలోచించిన్రు.

యాడికో పోయిన. చెరువు కాడికి రావాలె. నాకు నిజంగ ఆశ్చర్యమనిపించింది ఆ లిఫ్టు కాదు, వాళ్ల చెరువులు. ఆ దేశం దక్షిణం దిక్కు త్రెబోన్ అనే చోట మన తెలంగాణ లెక్కనె చెరువుల మీద చెరువులు. అన్నిట్ల పెద్దది రోజంబెర్క్. 1590ల పూర్తయింది, చార్మినార్‌కు ఒక్క ఏడు ముందు. ఇంచుమించు మన హుస్సేన్ సాగరంత ఉంటది. కట్టిచ్చినాయన పేరు యాకుబ్ క్రచీన్. పేరు వింటె యాకుత్‌పురల దొరికేటట్టున్నడు గదా! కూలోళ్లను అంత పీడించి కట్టిపిచ్చిండంట, చచ్చినంక గూడ మోక్షం లేక రాత్రిళ్లు ఆ కట్ట మీద తిరుగుతుంటడని అక్కడోళ్ల కథ. వాళ్ల కట్టకు దయ్యం కాపలా, మన కట్టకు మైసమ్మ కాపలా. లోయర్ ట్యాంక్‌బండ్ కాడ కట్ట మైసమ్మకు బోనమెత్తందె మా అమ్మ ఆషాఢం దాటనీయకుండె. మనం దేవతకు మొక్కినం, వాళ్లు దయ్యానికి భయపడ్డరు. కట్టను ఎవరు బాగ చూసుకున్నరనేది ఇప్పుడు చెప్త.

ఆ చెరువుల చేపలు పెంచుతరు. క్రిస్మస్ పండుగకు కొన్న చేపను రెండు దినాల ముందే తెచ్చి స్నానాల తొట్టిల వదులుతరంట కొంతమంది. పిల్లలు దానికి పేరు పెడుతరు, పండుగనాడు కోయనీయమని ఏడుస్తరు. మృగశిర నాడు మా రాంనగర్ చేపల మార్కెట్ల కొరమీనుకు అట్ల పేరు పెట్టేటోడు దొరికితె నాకు చూపెట్టు.

ఇగ విను. 2000 ఆగస్టు 24. ఒక్క దినంల ఇరవై నాలుగు సెంటీమీటర్ల వాన. హుస్సేన్ సాగర్ నిండింది, నాలా తన దారి తను వెతుక్కుంది. దారంత ఇండ్లయినయి గదా, ఇండ్లల్లకే వచ్చింది. అశోక్‌నగర్, దోమలగూడ, హిమాయత్‌నగర్ దిక్కు మనుషులు మిద్దెలెక్కిన్రు, గల్లీలల్ల పడవలు తిరిగినయి. చెరువు చేపలు మా గల్లీల ఈదుతుంటె ఎవడో వల గూడ తెచ్చిండు. మనిషి బుద్ధి ఏ ఆపదల గూడ ఖాళీగుండదు. ఐదు మెట్ల ఇండ్లల్ల నాలుగో మెట్టు మునిగి ఐదోది మిగిలింది. మూడు మెట్ల ఇండ్లల్ల మంచాలు తేలినయి. నేను కట్టుకున్న ఒక్క మెట్టు ఇంట్ల కిటికీల దాక నీళ్లు, పెండ్లినాటి ఆల్బము, మీ నాయన మార్కుల మెమోలు అన్ని బురదయినయి. మెమోలు పోయినందుకు మీ నాయన మాత్రం అంతగ బాధపడ్డట్టు కనిపియ్యలే.

రెండేండ్లకు, 2002 ఆగస్టుల, ప్రాగ్‌ల గూడ అట్లనే ఏరొచ్చింది. భూమిల నడిచే మెట్రో రైలు స్టేషన్లు సుత మునిగినయి. అప్పుడు ఆ యాకుబ్ కట్టిన పాత చెరువు మామూలుగ పట్టే నీళ్లకు ఎన్నో రెట్లు ఎక్కువ ఆపుకున్నది, కట్ట తెగలే. ఎందుకంటె దాని కడుపు చుట్టు నీళ్లు పరుచుకునే జాగ వాళ్లు వదిలిపెట్టిన్రు. మనం చెరువు ఒడ్డు పూడ్చి పార్కులు, రోడ్లు, దుకాణాలు పెట్టినం. నాలాను రెండు దిక్కుల గోడలతోని నొక్కినం. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, వరదొచ్చినంక కిర్లోస్కర్ వాళ్లతోని నాలాల మీద రిపోర్టు రాయించిన్రు, 2003ల చేతికొచ్చింది. నాలా వెడల్పు చెయ్యమన్నది రిపోర్టు. వెడల్పు కావాలంటె ఎవరి గోడ కూలాలె? "ముందు పక్కింటాయనది" అన్నరు అందరు. పక్కింటాయన గూడ అదే అన్నడు.

ఇప్పుడు చిక్కడపల్లి మెట్లన్ని ఆకాశంల ఉన్నయి. 2020 ఫిబ్రవరిల మెట్రో వచ్చింది, చిక్కడపల్లి స్టేషన్‌కు ఎన్ని మెట్లో నా మోకాళ్లకు ఎరుక. 2023 ఆగస్టుల ఇందిరా పార్కు కాడికెళ్లి వీఎస్‌టీ దాక ఉక్కు వంతెన వచ్చింది. రెండుంబావు కిలోమీటర్లు, 450 కోట్లు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ కాడ మెట్రో మీదికెళ్లి అది పోతది. వంతెన మీద కార్లు, దాని కింద మెట్రో, దాని కింద మేము, మా కింద నాలా. అశోక్‌నగర్ గల్లీలల్ల గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు. పాత పోర్షన్లను ఇంకొకసారి కోసి మంచమంత గదులు చేసిన్రు. నగర కేంద్ర గ్రంథాలయం కాడ చెట్ల కింద సుత పుస్తకాలు పట్టుకొని కూసుంటరు. వాళ్లకు హుస్సేన్ సాగర్ ఎవరు కట్టిన్రో నాకంటె మంచిగ ఎరుక, బిట్టుల వస్తది. దాని నీళ్లు యాడికి పోతయో అడిగితె మాత్రం సిలబస్‌ల లేదన్నడు ఒకడు.

మొన్న ఒక బిల్డరొచ్చిండు. మంచి పిలగాడు, చెప్పులు మెట్టు కాడనే విడిచిండు, నీళ్లిస్తె తాగినంకనె ముచ్చట తీసిండు. మా నాయనమ్మ ఉంటె ఇల్లు రాసిచ్చేటిది. ఐదంతస్తులు లేపుతా, రెండు ఫ్లాట్లు మీకు అన్నడు. కింద ఏమొస్తదన్న. రెండు సెల్లార్లు అన్నడు. వెనుక గోడ కాడికి తోలుకపోయి రంగు వెయ్యకుండ వదిలిన గీత చూపెట్టిన. "2000ల నీళ్లు గిక్కడి దాక వచ్చినయి నాయనా" అన్న. ఆయన గీత చూసిండు, టేపు తీసి కొలిచిండు, ఫోన్ల రాసుకున్నడు. సంతోషమనిపించింది, వింటున్నడు గదా అని.

"సెల్లార్ల కార్లే ఉంటయి తాతా, మనుషులుండరు" అన్నడు.

"అయితె మోటరొకటి పెట్టియ్యి" అన్న.

"పెడ్త తాతా. మోటరు గూడ సెల్లార్లనే పెడ్త" అన్నడు.